స్టేటస్ ఎవరికి కనిపించాలి?

వాట్సాప్‌లో స్టేటస్ పెట్టేటప్పుడు అది ఎవరెవరికి కనిపించకూడదో ముందే ఎంచుకోవచ్చు. 2017 ఫిబ్రవరిలో ఫొటోలు, వీడియోలతో స్టేటస్ పెట్టే పద్ధతి వచ్చినప్పటి నుంచీ ఈ వీలు ఉంది. సెట్టింగుల్లో ఓ మూలన కూర్చున్న ఈ మీట సామాజిక శాస్త్రానికి పెద్ద వనరు. ఒక విద్యార్థిని ‘వీళ్లకు వద్దు’ అని గీత గీసిన పేర్లను వరసగా చదివితే, ఆ పిల్ల ఏ ఇంట్లో పుట్టిందో, ఎలాంటి చుట్టరికాల నడుమ పెరిగిందో, ఎవరి మాట పడాల్సి వస్తుందని జంకుతుందో చాలావరకు తెలిసిపోతుంది.

భూదాన్ పోచంపల్లి సంగతే తీసుకుందాం. ఒకప్పటి నల్గొండ జిల్లా, 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లా. హైదరాబాద్‌కు యాభై కిలోమీటర్ల లోపే. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు దానమిచ్చింది ఇక్కడే. ఇక్కడ నేసే ఇక్కత్ బట్టలకు 2004-05లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఈ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. ఈ ఊళ్లో పద్మశాలీల ఇంట పుట్టి, రోజూ బస్సెక్కి పట్నం పోయి డిగ్రీ చదువుకునే అమ్మాయిని ఒకరిని ఊహించుకోండి. ఆమె ఫోన్‌లో క్లాసు దోస్తులు ఉంటారు. మేనమామలు, చిన్నమ్మలు, వరసకు బావలయ్యేవాళ్లు ఉంటారు. నాన్నకు నూలు, రంగులు ఇచ్చి చీర తీసుకుపోయే మాస్టర్ వీవర్ నంబరు ఉంటుంది. భివండికో షోలాపూర్‌కో వలసపోయి అక్కడే స్థిరపడ్డ బంధువులు ఉంటారు. ఎప్పుడో చీర కొని ‘కొత్తవి వస్తే పంపమ్మా’ అన్న చెన్నై ఆవిడ కూడా ఉంటుంది. కాలేజీ ఫ్రెషర్స్ డే నాడు దిగిన ఫొటో ఒకటి పెడితే, వీళ్లందరి ఫోన్లలోనూ ఒకే క్షణాన తెరుచుకుంటుంది.

మనిషి ఎదుటివాళ్లను బట్టి మాట మార్చుకుంటాడు. తాత ముందు కూర్చునే తీరు వేరు, దోస్తుల ముందు వేరు. అందులో కపటమేమీ లేదు, అది మర్యాద. ఎర్వింగ్ గాఫ్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1959లోనే దీన్ని వివరంగా రాశాడు. సోషల్ మీడియా వచ్చాక ఆ వేరువేరు గదుల మధ్య గోడలు కూలిపోయాయి. అందరూ ఒకే హాల్లో ఒక్కసారే నిలబడి మనల్ని చూస్తున్నారు. డానా బోయిడ్, అలిస్ మార్విక్ అనే పరిశోధకులు 2010 ప్రాంతంలో ట్విట్టర్ వాడేవాళ్లను పరిశీలించి ఈ స్థితిని లోతుగా చర్చించారు. సందర్భాలు కూలి ఒకదాని మీద ఒకటి పడిపోవడం అని దాని సారం.

కులమూ సంస్కృతీ కాలేజీ పిల్లల సోషల్ మీడియాను ఎలా మలుస్తాయన్న ప్రశ్నకు నా జవాబు ఇక్కడే మొదలవుతుంది. సంస్కృతి అనగానే మనకు బతుకమ్మ ఫొటోలు, బోనాల రీల్స్ గుర్తొస్తాయి. అది పైకి కనిపించే భాగం. అసలు పని చూసేవాళ్ల దగ్గర జరుగుతుంది. హాల్లో ఎవరు నిలబడి ఉన్నారు, వాళ్లలో ఎవరికి మనల్ని నిలదీసే హక్కు ఉంది అన్నది తేల్చేది మనం పుట్టిన ఇల్లూ, కులమూ, ఊరూ. ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు అన్నది ఆ తర్వాతి మాట.

ఈ విషయం మీద తొలి గట్టి పరిశోధనలు అమెరికాలో జరిగాయి. 2007లో ఎస్తర్ హర్గిటాయ్ చికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1,060 మంది మొదటి సంవత్సరం విద్యార్థులను సర్వే చేసింది. అప్పటికి మైస్పేస్, ఫేస్‌బుక్ రెండూ పోటీలో ఉన్నాయి. లాటిన్ అమెరికా మూలాలున్న విద్యార్థులు మైస్పేస్ వైపు ఎక్కువగా మొగ్గారు. ఆసియా మూలాల వాళ్లు మైస్పేస్‌కు దూరంగా, జాంగా, ఫ్రెండ్‌స్టర్ లాంటి వాటికి దగ్గరగా ఉన్నారు. తల్లిదండ్రులు పెద్ద చదువులు చదివిన ఇళ్ల పిల్లలు ఫేస్‌బుక్‌లో ఎక్కువ, హైస్కూలు దాటని ఇళ్ల పిల్లలు మైస్పేస్‌లో ఎక్కువ. ఏ సైటూ ఎవరినీ రావద్దనలేదు. ఎవరి స్నేహితులు ఎక్కడున్నారో వాళ్లు అక్కడికి పోయారు.

మన దగ్గర ఇలాంటి చీలిక కొన్నాళ్లు కళ్లముందే కనిపించింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక ఊళ్లలోని యువత టిక్‌టాక్‌లో వెల్లువెత్తింది. పొలం గట్ల మీద, మగ్గాల గుంటల పక్కన, పశువుల కొట్టాల ముందు తీసిన వీడియోలు దేశమంతా తిరిగాయి. పట్నం కాలేజీల్లో చాలామంది వాటిని చూసి ముఖం చిట్లించి, తాము ఇన్‌స్టాగ్రామ్ వాళ్లమని చెప్పుకున్నారు. 2020 జూన్ 29న కేంద్రం 59 చైనా యాప్‌లను నిషేధించడంతో టిక్‌టాక్ పోయింది, కొద్ది రోజులకే ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ వచ్చాయి. ఇప్పుడు అందరూ ఒకే గుడారంలో ఉన్నారు. గీతలు చెరిగిపోలేదు, యాప్‌ల మధ్య నుంచి యాప్ లోపలికి వచ్చాయి.

లోపల ఆ గీతలు ఎలా ఏర్పడతాయో ఆండ్రియాస్ విమ్మర్, కెవిన్ లూయిస్ 2010లో చక్కగా చూపించారు. అమెరికాలోని ఒక కాలేజీ విద్యార్థుల ఫేస్‌బుక్ స్నేహాలను తీసుకుని, ఒకే జాతివాళ్లు ఒకచోట చేరడానికి కారణాలను విడదీశారు. పైకి చూస్తే ‘తమవాళ్లంటేనే ఇష్టం’ అనిపించే దానిలో పెద్ద భాగం నిజానికి స్నేహితుడి స్నేహితుడితో స్నేహం కలవడం వల్ల వచ్చిందని తేలింది. మొదట్లో ఉన్న చిన్న మొగ్గును ఆ మామూలు అలవాటే పెంచి పెద్దది చేస్తుంది. ఇంకొకటి కూడా తేలింది: ‘ఆసియావాళ్లు’ అన్న పెద్ద గంపలో పోగుచేసి చూసినప్పుడు కనిపించే దగ్గరితనం చాలావరకు దాని లోపలి చిన్న గుంపులది, అంటే దక్షిణాసియా వాళ్లు దక్షిణాసియా వాళ్లతో, చైనా వాళ్లు చైనా వాళ్లతో.

ఈ సూత్రం హైదరాబాద్‌కు ఎంత బాగా అతుకుతుందో చూడండి. పట్నంలో కులం పేరుతో హాస్టళ్లు నిజాం కాలం నుంచీ ఉన్నాయి. రెడ్డి హాస్టల్ 1918లో మొదలైంది. ఊరి నుంచి వచ్చిన పిల్లవాడికి మొదటి మంచం ఎవరి పక్కన దొరుకుతుందో, మొదటి వాట్సాప్ గ్రూప్‌లో ఎవరు చేరుస్తారో కుల హాస్టల్, సంక్షేమ హాస్టల్, చుట్టాలు చూపిన గది వీటిలో ఏదో ఒకటి తేలుస్తుంది. ఆ తర్వాత స్నేహితుడి స్నేహితుడు వస్తాడు. మూడేళ్లు గడిచేసరికి పిల్లవాడి ఇన్‌స్టాగ్రామ్ జాబితా ఒక కులం, ఒక జిల్లా చుట్టూ తిరుగుతున్నా, తాను కులం చూసి ఎవరితోనూ స్నేహం చేయలేదని అతడు మనస్ఫూర్తిగా నమ్ముతాడు. ఆ నమ్మకం అబద్ధం కాదు. మొదటి మంచం అతడు ఎంచుకోలేదు.

వాడే కారణాల్లో కూడా తేడాలున్నాయి. 2011లో అమెరికా, దక్షిణ కొరియా కాలేజీ విద్యార్థులను పోల్చిన అధ్యయనం ఒకటి వచ్చింది. స్నేహం, కాలక్షేపం, సమాచారం, ఆసరా లాంటి కారణాలు రెండు దేశాల్లోనూ ఉన్నవే. కాకపోతే కొరియా పిల్లలు అప్పటికే ఉన్న బంధాల నుంచి ఆసరా పొందడానికి ఎక్కువ విలువ ఇచ్చారు, అమెరికా పిల్లలు వినోదానికి. 2013లో చిహ్-మావో హువాంగ్, డెనిస్ పార్క్ ఫేస్‌బుక్ ప్రొఫైల్ ఫొటోలను కొలిచి చూశారు. అమెరికన్ల ఫొటోల్లో ముఖమే చట్రాన్ని నింపేస్తుంది. తైవాన్ వాళ్ల ఫొటోల్లో వెనుక ఉన్న చోటుకూ వస్తువులకూ ఎక్కువ జాగా ఉంటుంది. ఒక దేశం వాళ్లు మరో దేశంలో నివసిస్తే ఫొటో తీరు కూడా కొంత అటు జరుగుతుంది. అందుకే ఈ తేడా నెత్తుట్లో పుట్టిందని అనలేం. చుట్టూ ఉన్నవాళ్ల నుంచి నేర్చుకున్నది, చోటు మారితే కదిలేది.

వెనుక ఏం కనిపించాలన్నది పోచంపల్లి పిల్లలకు చిన్న ప్రశ్న కాదు. ఇంట్లో సగం జాగా మగ్గానిదే. సెల్ఫీ ఎక్కడ దిగినా పడుగో, నూలు చుట్టే ఆసు దిమ్మో, చిటికి కట్టి, అంటే నమూనా కోసం ముడులు వేసి, రంగు అద్దాక ఆరేసిన నూలో అందులో పడుతుంది. చదువుకుని మగ్గం నుంచి బయటపడాలన్నదే ఇంటి కోరిక అయినప్పుడు మగ్గం లేని గోడ వెతుక్కోవడం సహజం. ఆగస్టు 7 వచ్చిందంటే మాత్రం అదే మగ్గం ఫొటో ముందుకొస్తుంది. 1905 స్వదేశీ ఉద్యమ ప్రారంభానికి గుర్తుగా 2015 నుంచి ఆ రోజును జాతీయ చేనేత దినంగా జరుపుతున్నారు. ఆ రోజు దేశమంతా మగ్గాన్ని గౌరవంగా చూస్తుంది కాబట్టి, మగ్గం పక్కన కూర్చున్న అమ్మ ఫొటో పెట్టడానికి ధైర్యం వస్తుంది.

ఆ ధైర్యం లాంటిదాన్ని షెరీ గ్రాస్‌మక్ బృందం 2009లో నమోదు చేసింది. అమెరికాలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో 83 మంది విద్యార్థుల ఫేస్‌బుక్ పేజీలను చదివి, వాళ్లలో చాలామందితో మాట్లాడారు. నల్లజాతి, లాటినో, భారత సంతతి విద్యార్థులు తమ జాతినీ సంస్కృతినీ పేజీలో బాహాటంగా, వివరంగా చాటుకున్నారు. తెల్లజాతి, వియత్నాం సంతతి విద్యార్థుల్లో ఆ జోరు తక్కువ. జాతి గురించి మాట్లాడకపోవడమే మర్యాద అనుకునే సమాజంలో, ఇలా చాటుకోవడం ఆ మౌనానికి ఎదురు నిలవడం లాంటిదని పరిశోధకులు భావించారు.

తెలంగాణ యాసకు ఈ మాట అచ్చంగా వర్తిస్తుంది. దశాబ్దాల పాటు సినిమాలో మన యాస విలన్‌కో, నవ్వించే పాత్రకో దక్కింది. నల్గొండ నుంచి పోయిన పిల్లలు పట్నం క్లాసురూముల్లో నోరు తెరవడానికి జంకారు. రాష్ట్రం వచ్చాక ఆ జంకు తిరగబడింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి శ్రీరామ్ శ్రీకాంత్ నడిపిన మై విలేజ్ షో యూట్యూబ్‌లో గంగవ్వను ఇంటింటి మనిషిని చేసింది. ఇప్పుడు డిగ్రీ పిల్లలు కామెంట్లలో ‘గట్ల గాదే’, ‘ఏమాయె మల్ల’ అని ఇంగ్లిష్ అక్షరాల్లోనే అయినా దర్జాగా టైపు చేస్తున్నారు. వెక్కిరింపుకు గురైన భాష స్క్రీన్ మీద గట్టిగా వినిపిస్తోందంటే నాకు అది పండగ. అక్షరాలు అవసరం లేని వాయిస్ మెసేజ్‌లు ఈ భాషను ఇంకా దూరం తీసుకుపోయాయి. భివండిలో మరాఠీ బడిలో చదివిన మనవడికి తెలుగు చదవడం రాకపోవచ్చు, అవ్వ గొంతు విని అర్థం చేసుకోవడం వస్తుంది.

ఇక చాటుకోలేని వాటి సంగతి. మొదట ఫోన్ ఎవరిది? 2019లో తెలంగాణలో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 26.5 శాతం మందే ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్నారు. మగవాళ్లలో సగానికి పైగా వాడారు. కరోనా కాలపు ఆన్‌లైన్ క్లాసులు ఆ అంతరాన్ని కొంత తగ్గించి ఉంటాయి. అయితే ఫోన్ చేతికి రావడం వేరు, ఫోన్ తనది కావడం వేరు. నిత్య శాంబశివన్ బృందం భారత్, పాకిస్థాన్, బంగ్లాదేశ్‌లలో 199 మందితో మాట్లాడి 2018లో ఒక వ్యాసం ప్రచురించింది. మన ఇళ్లలో ఆడవాళ్ల ఫోన్ అడగగానే ఇచ్చే వస్తువు. తమ్ముడు ఆటలాడతాడు, తల్లి వీడియో కాల్ చేస్తుంది, తండ్రి ఓసారి చూసి ఇస్తాడు. అందుకే ఆడవాళ్లు తమదైన నేర్పులు పెంచుకున్నారు: యాప్‌కు తాళం వేయడం, ఒక్కో మెసేజ్‌ను ఏరి చెరిపేయడం, అవసరమైతే చరిత్ర మొత్తం తుడిచేయడం, చివరికి కొన్ని పనులు ఫోన్‌లో చేయకుండానే ఉండటం. ఒక మనిషికి ఒక ఫోన్, ఒక ఖాతా అన్న లెక్కతో అమెరికాలో తయారైన యాప్‌కు ఈ ఇల్లు తెలియదు.

ముఖం విషయంలోనూ ఇంతే. మన అమ్మాయిలు చాలామంది డీపీగా గులాబీ పువ్వో, దేవుడి బొమ్మో, చంటిపాపో పెడతారు. దీన్ని సిగ్గనో వెనుకబాటనో కొట్టిపారేయడం తప్పు. ఫొటో ఎత్తుకుపోయి దొంగ ఖాతా తెరిస్తే పరువు పోయేది, చదువు ఆగిపోయేది అమ్మాయిదే. ఫేస్‌బుక్ కూడా ఈ భయాన్ని గుర్తించి 2017 జూన్‌లో ప్రొఫైల్ ఫొటోకు కాపలా ఉండే సదుపాయాన్ని మొదట భారత్‌లోనే ప్రవేశపెట్టింది. ఫొటో మీద ఒక డిజైన్ పొర వేస్తే దాన్ని కాపీ చేసే అవకాశం కనీసం 75 శాతం తగ్గుతుందని తన తొలి పరీక్షల్లో తేలినట్టు చెప్పింది. ఆ పొరల డిజైన్లను చిత్రకారిణి జెస్సికా సింగ్ గీసింది, బాంధనీ, కాంథా లాంటి మన వస్త్రాల నుంచి స్ఫూర్తి పొంది. బాంధనీ అంటే కట్టి రంగు వేసే పనే, మన చిటికికి దగ్గరి చుట్టం. బట్ట మీద ముడి వేసి అద్దే నమూనా ఇలా ఫోన్‌లో ఆడపిల్ల ముఖానికి కాపలా అయింది.

భయం వెనుక కులం ఉంది. ఆ మాట దాటేస్తే ఈ వ్యాసానికి అర్థం లేదు. చెన్నై శివార్లలో ఐటీ కంపెనీలూ పాత పల్లెలూ కలిసిపోయిన చోట నెలల తరబడి ఉండి పరిశోధన చేసిన శ్రీరామ్ వెంకట్రామన్ 2017లో దక్షిణ భారత సోషల్ మీడియాపై పుస్తకం తెచ్చారు. పేద ఇళ్లలో యువతులకు ఫోన్ ఇవ్వకపోవడానికి మొదటి కారణం వేరే కులం అబ్బాయితో ప్రేమలో పడుతుందన్న భయమేనని అందులో వివరంగా రాశారు. నల్గొండ జిల్లాకు ఈ భయం ఎంత దూరం పోగలదో తెలుసు. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ప్రణయ్ అనే యువకుడిని కులాంతర వివాహం చేసుకున్నందుకు చంపించారు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. హత్య తర్వాత ఫేస్‌బుక్‌లో న్యాయం కోరుతూ పేజీ వెలిసింది. అదే ఫేస్‌బుక్‌లో కులాల వారీగా చీలి ప్రణయ్‌ను పెళ్లాడిన అమ్మాయిని దూషించినవాళ్లూ ఉన్నారు. ఆ రోజుల్లో ఇంటర్, డిగ్రీ చదువుతున్న ఎందరో ఆ కామెంట్లను తమ ఫోన్లలో చదివారు. స్టేటస్ జాబితాలోంచి పేర్లు తీసేసే ఆడపిల్లకు ఆ జ్ఞాపకం ఉంటుంది.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2015 ఆగస్టులో విద్యార్థి సంఘాల మధ్య రాజుకున్న వివాదంలోనూ ఒక ఫేస్‌బుక్ పోస్టు ఉంది. అంబేడ్కర్ విద్యార్థి సంఘం వాళ్లను గూండాలని అందులో అన్నారు. వివాదం ముదిరి సస్పెన్షన్ల దాకా పోయింది. సస్పెండైన వాళ్లలో ఒకడైన పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. ఆయన ఫేస్‌బుక్ రాతలు తర్వాత ‘కాస్ట్ ఈజ్ నాట్ ఎ రూమర్’ పేరుతో పుస్తకంగా వచ్చాయి. కాలేజీ విద్యార్థి సోషల్ మీడియాను కాలక్షేపమని తేల్చేసేవాళ్లు ఆ పుస్తకం తెరిచి చూడాలి. నక్షత్రాల గురించి, కులం గురించి, చదువు గురించి ఆలోచించే యువకుడికి ఫేస్‌బుక్కే పత్రిక, అదే వేదిక. ఏప్రిల్ 14న అంబేడ్కర్ బొమ్మ డీపీగా పెట్టే విద్యార్థికి తన బంధువులే కాదు, తన క్లాసులో తనను అనుమానంగా చూసేవాళ్లూ చూస్తారని తెలుసు. తెలిసే పెడతాడు.

మళ్లీ మగ్గం దగ్గరికి. ఇక్కత్ ఇళ్లలో ఇప్పుడు సోషల్ మీడియా అంటే బేరం కూడా. మాస్టర్ వీవర్ చేతికి పోకుండా చీరను నేరుగా కొనేవాళ్లకు చూపించగలిగితే నాలుగు డబ్బులు మిగులుతాయి. ఫొటో తీయడం, ఇంగ్లిష్‌లో రెండు ముక్కలు రాయడం, కొరియర్ నంబరు పంపడం ఇంట్లో ఎవరికి వచ్చు? చదువుకునే పిల్లలకే. అలా డిగ్రీ పిల్ల ఖాతా ఇంటి దుకాణమవుతుంది. తన ముఖం పెట్టలేని చోట చీర ముఖం పెడుతుంది. డాలస్‌లోని తెలుగు ఇల్లాలు దసరాకు కట్టే పట్టుచీర ఇలా ఎంపికైనదే కావచ్చు.

ఇక్కడ ఇంకో కట్టడి వస్తుంది. కుల పెద్దలు పెట్టింది కాదు, వృత్తి నేర్పింది. ఇక్కత్‌లో నేత మొదలుకాకముందే నూలు మీద చిటికి కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి డిజైన్ పుట్టిస్తారు. ఒక్క చీరకు ఆసు పోయడానికే చేయి వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. తల్లి భుజాలు పోతున్నాయనే బాధతోనే ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేసి 2017లో పద్మశ్రీ అందుకున్నారు. అంత శ్రమతో తయారైన కొత్త డిజైన్ ఫొటో బయటికి పోతే, వారాలు తిరగకుండానే అది ప్రింటు చీరగా చవక ధరకు మార్కెట్లో దిగుతుంది. భౌగోళిక గుర్తింపు ఉన్నా ప్రతి కాపీ వెనుక కోర్టుకు పోయే స్తోమత మగ్గం మీద బతికే ఇంటికి ఎక్కడిది? అందుకని పాత నమూనాలు స్టేటస్‌లోకి వస్తాయి. కొత్తది నమ్మకమున్న కొనుగోలుదారుకు విడిగా పోతుంది, అది కూడా కొన్నిసార్లు ఒకసారి చూడగానే మాయమయ్యే ఫొటోగా.

ఒక చీర ఫొటో ఎవరికి చూపాలి, ఎప్పుడు చూపాలి, ఎవరికి అసలే చూపకూడదు అని రోజూ లెక్క వేసే ఈ పిల్లలకు డిజిటల్ అక్షరాస్యత పేరుతో కాలేజీల్లో చెప్పే పాఠం ఇంకా ‘అపరిచితుల రిక్వెస్టులు తీసుకోవద్దు’ దగ్గరే ఆగిపోతోంది. అపరిచితులే వాళ్ల కొనుగోలుదారులు. జాగ్రత్తపడాల్సింది చాలాసార్లు పరిచితుల దగ్గర. నల్గొండలోని మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం, పాలమూరు విశ్వవిద్యాలయం పరిధిలోని కాలేజీలు ఈ పాఠాన్ని తమ విద్యార్థుల నుంచే రాయించవచ్చు. ఒకే ఫోన్‌ను నలుగురు పంచుకునే ఇంట్లో గోప్యత ఎలా, అన్న పేర ఇంటి బేరం నడిపే చెల్లి సంపాదన ఎవరి ఖాతాలో పడాలి, కులం పేరుతో దూషణ వస్తే స్క్రీన్‌షాట్ తీసుకుని ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఎక్కడ ఫిర్యాదు చేయాలి అన్నవి అందులో మొదటి అధ్యాయాలు కావాలి.